స్వాగతం సరే, అప్పగింతలు ఎప్పుడు?

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం విద్యార్థినిని. మొన్నటిదాకా మా స్టూడెంట్స్ యూనియన్‌కు ప్రధాన కార్యదర్శిని. గత వారం ఎన్నికలు జరిగాయి. ఆరు పదవుల్లో నాలుగు అవతలి ప్యానెల్‌కు వెళ్ళాయి. కౌన్సిలర్లుగా గెలిచినవాళ్ళలో చాలామంది కొత్తగా చేరిన పిల్లలు. వాళ్ళకు స్వాగత సభ పెట్టడం మా దగ్గర పాత యూనియన్ బాధ్యత. మా అధ్యక్షుడు ముఖం చాటేశాడు. మావాళ్ళేమో "గెలిచినవాళ్ళే తంటాలు పడతారు, నీకెందుకు? అసలు నువ్వు ఎవరి వైపు?" అని నిలదీస్తున్నారు. విద్యార్థి సంక్షేమ కార్యాలయం ఆడిటోరియం అలంకరణ, శాలువాలు, మెమెంటోలు, భోజనాలు కలిపి 40,000 రూపాయల అంచనా వేసి పంపింది. అది యూనియన్ నిధి నుంచే ఇవ్వాలట. ఇదంతా ఒక ఎత్తు. మొన్న రాత్రి మెస్ దగ్గర ఒక కొత్త కౌన్సిలర్, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, నన్ను ఆపి "అక్కా, గెలిచాను కదా, ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగింది. ఏడాది పదవిలో ఉండి కూడా నేను జవాబు చెప్పలేకపోయాను. వీళ్ళను ఎలా స్వాగతించాలి?
(పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మాయీ, ముందు నా గోడు ఒకటి విను, తరవాత నీ సంగతికి వద్దాం.

1983లో కోస్తాలోని ఒక డిగ్రీ కాలేజీలో నేను లేడీస్ రిప్రజెంటేటివ్‌గా గెలిచాను. పదమూడు ఓట్ల మెజారిటీ. ఫలితం చెప్పగానే మెడలో బంతిపూల దండలు, ముఖాన గులాల్, చెవులు చిల్లులు పడేలా డప్పులు. రిక్షా ఎక్కించి ఊరేగిస్తామన్నారు గానీ మా నాన్నగారు అడ్డుపడ్డారు. ప్రిన్సిపాల్ గారు సభ పెట్టి, మా ఐదుగురినీ వేదిక మీద కూర్చోబెట్టి, నేటి విద్యార్థులే రేపటి పౌరులని ముప్పావుగంట చెప్పారు. సోమవారం యూనియన్ గదికి వెళితే తాళం. తాళంచెవి పాత కార్యదర్శి దగ్గర ఉందట. అతనికి ఉద్యోగం వచ్చి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. అటెండరు రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు. లోపల స్ట్రైకర్ లేని క్యారమ్ బోర్డు, తీగలు తెగిన రెండు బ్యాట్లు, పోయిన ఏటి కరపత్రాల కట్ట. క్యాష్ బుక్ లేదు, మినిట్స్ పుస్తకం లేదు. మ్యాగజైన్ ఫీజు కింద ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో చెప్పే దిక్కు లేదు. ఆ ఏడు మ్యాగజైన్ రాలేదు. డబ్బు తిన్నది మేమేనని అందరూ అనుకున్నారు. అందులో నా మొదటి కథ అచ్చు కావాల్సింది, కాబట్టి ఆ మంట నలభై ఏళ్ళు దాటినా చల్లారలేదు.

అందుకే స్వాగతం అనగానే నాకు దండ గుర్తుకు రాదు, తాళంచెవి గుర్తుకొస్తుంది.

మన పెళ్ళిళ్ళలో చూడు. భోజనాలు, ఫొటోలు, సన్నాయి అన్నీ అయ్యాక, షామియానా విప్పుతున్నప్పుడు, సగం చుట్టాలు బస్సెక్కేశాక అప్పగింతలు మొదలవుతాయి. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తింటివాళ్ళ చేతుల్లో పెడుతూ తల్లి గొంతు పూడుకుపోతుంటే చెబుతుంది: కారం తినలేదు, పొద్దున లేవలేదు, కోపం వస్తే అన్నం మానేస్తుంది, చూసుకోండి అని. ఆడపిల్లను వస్తువులా అప్పగించడం మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి మరో వారం. కానీ ఆ మాటల్లో ఎంత పనికొచ్చే సమాచారం ఉందో గమనించు. పందిట్లో చదివిన మంత్రాల్లో అది లేదు, శుభలేఖలో అంతకన్నా లేదు. నీ ఆడిటోరియం సభ శుభలేఖ లాంటిది. నువ్వు పెట్టాల్సింది అప్పగింతలు.

దీనికి ఒక గట్టి కారణం ఉంది. గ్రామంలో సర్పంచ్ మారినా పంచాయతీ కార్యదర్శి ఉంటాడు. ప్రభుత్వం మారినా సచివాలయంలో ఫైళ్ళు కదిపేవాళ్ళు ఉంటారు. విద్యార్థి యూనియన్‌కు అలాంటి నిలకడైన మనిషి లేడు. అది ఏడాదికోసారి సామాను సర్దుకుని ఖాళీ చేసే అద్దె ఇల్లు. పైగా విద్యార్థి యూనియన్ ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ నియమాలు ఉండనే ఉన్నాయి. 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు అమలు చేయమన్నప్పటి నుంచి, అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి ఆఫీస్ బేరర్ పదవికి ఒక విద్యార్థి ఒక్కసారే పోటీ చేయగలడు, కార్యవర్గ సభ్యత్వానికైతే రెండుసార్లు. ఆ నియమం మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెట్టు. దాని ఫలితం మాత్రం ఇది: ప్రతి ఏడూ ప్రధాన కార్యదర్శి ఆ కుర్చీకి కొత్తే. ఈ ఏడు నువ్వు నేర్చుకున్నదంతా నువ్వు చెబితేనే ఉంటుంది, లేకపోతే నీతోనే క్యాంపస్ గేటు దాటిపోతుంది.

గొలుసు తెగితే ఏమవుతుందో ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం) చూసింది. అక్కడ విద్యార్థులే ఎన్నికల సంఘం పెట్టుకుని ఎన్నికలు నడుపుకునేవారు. ఆ ఎన్నికల పద్ధతి లింగ్డో నియమాలకు విరుద్ధమని 2008లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2012 మార్చిలో. ఈ మధ్యలో ఎంఏలో చేరినవాళ్ళు చదువు ముగించుకుని వెళ్ళిపోయారు. మన సంగతి ఇంకా అన్యాయం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎనభైల చివర ఆగిన యూనియన్ ఎన్నికలు ఇప్పటికీ లేవు. ఆంధ్రాలోనో ఉస్మానియాలోనో ఇప్పుడు చదివే పిల్లలకు బ్యాలెట్ పెట్టె ముచ్చట వాళ్ళ పెదనాన్నలు చెబితే విన్నదే. ఆ అమ్మాయి నిన్ను అడిగిన ప్రశ్న ఇంట్లో ఎవరినైనా అడుగుదామన్నా తెలిసినవాళ్ళు దొరకరు. అందుకే మెస్ దగ్గర నిన్ను ఆపింది.

సరే, పనిలోకి దిగుదాం. గట్టి అట్ట ఉన్న పెద్ద నోట్‌బుక్ ఒకటి కొను. ఫోనులో రాస్తానంటావేమో, వద్దు. ఫోను నీది, నోట్‌బుక్ యూనియన్‌ది. నాలుగు రోజులు కూర్చుని, మధ్యలో ఆగిన ప్రతి పనీ అందులో రాయి. "లైబ్రరీ వేళలు పెంచాలి" అని రాస్తే అది మేనిఫెస్టో అవుతుంది. ఏ తేదీన వినతిపత్రం ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఇన్‌వర్డ్ నంబరు ఎంత, ఏం బదులు వచ్చింది, ఇప్పుడు ఏ బల్ల మీద ఆగింది, ఇవి రాయి. ఫెలోషిప్పులు ఆలస్యమైతే రిజిస్ట్రార్ గది ముందు బైఠాయించాలని అందరికీ తెలుసు. కానీ బిల్లు హాజరు పత్రం దగ్గర ఆగిందా, ఫైనాన్స్ విభాగంలో ఆగిందా, లేక ఢిల్లీ నుంచి గ్రాంటే రాలేదా అన్నది కనుక్కోవడానికి ఏ సెక్షన్‌లో ఎవరిని మర్యాదగా అడగాలో నీకు తెలుసు. నీకది తెలియడానికి ఏడు నెలలు పట్టి ఉంటుంది. కొత్త కార్యదర్శికి ఏడు నిమిషాల్లో తెలియాలి.

హాస్టల్ నీళ్ళ మోటారు చెడితే వార్డెన్ కన్నా ముందు ఎవరికి ఫోను చేయాలి, మెస్ కమిటీ లెక్కల్లో ఎక్కడ మెలిక పడుతుంది, రాత్రి రెండింటికి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే అంబులెన్స్‌కు ఏ గేటు దగ్గరవుతుంది, ఇవన్నీ ఎక్కించు. బాకీలు కూడా. జెరాక్స్ దుకాణం వాడికి, టెంట్ హౌస్ వాడికి ఎంత ఇవ్వాలో దాచావా, కొత్తవాళ్ళు మొదటి కార్యక్రమానికి కుర్చీలు అడగ్గానే పరువు పోతుంది. అది కొత్తవాళ్ళ పరువు కాదు, నీది.

కష్టమైన పేజీ ఒకటి ఉంది. మీ మేనిఫెస్టో ముందు పెట్టుకుని, చేయలేకపోయినవి నువ్వే రాయి, ఎందుకు చేయలేకపోయారో కూడా రాయి. అవతలి ప్యానెల్‌వాళ్ళు దాన్ని ఫొటో తీసి వచ్చే ఏడు మీ మీదే వాడుకుంటారని మీవాళ్ళు గోల పెడతారు. వాడుకోవచ్చు కూడా. వాడుకోనీ. జరగలేదన్న సంగతి ఓటర్లకు ముందే తెలుసు, నాలుగు పదవులు అందుకే అటు వెళ్ళాయి. ఎందుకు జరగలేదో మాత్రం వాళ్ళకు తెలియదు, అది నీ రాతలోనే మొదటిసారి బయటపడుతుంది.

రాయకూడనివీ ఉన్నాయి. ఏడాది పొడుగునా ఎందరో నీ గదికి వచ్చి, తలుపు వేసి, ఏడ్చి ఉంటారు. గైడుతో గొడవ, ఇంట్లో పెళ్ళి బలవంతం, మందులు వాడుతున్న సంగతి. వాళ్ళు చెప్పింది నీకు, నీ పదవికి కాదు. ఆ పేర్లు నోట్‌బుక్‌లోకి ఎక్కకూడదు. సాయం ఇంకా అవసరమైనవాళ్ళుంటే విడిగా వాళ్ళనే అడుగు: "కొత్తవాళ్ళకు చెప్పనా?" వద్దంటే అంతటితో సరి.

ఇక డబ్బు. క్యాష్ బుక్ ముగించి, నిల్వ ఎంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, వోచర్లు వరస నంబర్లతో కుట్టి ఇవ్వు. దొరకని వోచర్ ఉంటే దొరకలేదనే రాయి, కొత్తది పుట్టించకు. బ్యాంకు ఖాతా ఉంటే సంతకాలు మార్చడానికి తీర్మానం ప్రతి, పాతవాళ్ళ సంతకాలు అడుగుతారు. మీ అధ్యక్షుడు సభకు రాకపోతే పోనీ, ఆ కాగితం మీద సంతకం మాత్రం ఈ వారమే పెట్టించు. టీ ఫ్లాస్కు పట్టుకుని అతని గదికి వెళ్ళు. పాపం, లింగ్డో లెక్కన అతను మళ్ళీ పోటీ చేసేదీ లేదు, అలక ఎవరి కోసమో అర్థం కాదు. అలాగే యూనియన్ ఈమెయిల్ సంగతి చూడు. పాస్‌వర్డ్ ఇస్తే చాలదు, రికవరీ నంబరు ఎవరిదో చూడు. మూడేళ్ళ కిందటి ఎవరో అన్నయ్యది ఉంటుంది, ఆయన ఈపాటికి ఏ అమెరికాలోనో ఉంటాడు. వాట్సాప్ గ్రూపులకు కొత్తవాళ్ళను అడ్మిన్లను చేసి, నువ్వు బయటికి రా.

ఎన్నికల ఖర్చు లెక్క వేరు. అది యూనియన్‌ది కాదు, అభ్యర్థులది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు, ఫలితాలు వెలువడిన రెండు వారాల్లోగా ఆడిట్ చేసిన లెక్కలు ఇవ్వాలి. గెలిచిన ఉత్సాహంలో కొత్తవాళ్ళు ఇది మరిచిపోతారు. గుర్తు చేయడం కూడా స్వాగతమే. నీ ప్రత్యర్థులకు నువ్వు గుర్తు చేశావంటే, నువ్వు ఎవరి వైపో ఆ తరవాత ఎవరూ అడగరు. అడిగినా, పోయిన ఏడు నీకు పడ్డ ఓట్లలో ఈ ఏడు అటు పడ్డవి కొన్ని ఉన్నాయని చెప్పు. ఆ ఓటర్లకు నువ్వింకా లెక్క అప్పజెప్పాలి.

సభ సంగతి తొందరగా తేల్చేస్తాను. 40,000 రూపాయలంటే, నెట్ పరీక్ష ద్వారా ఫెలోషిప్ రానివాళ్ళకిచ్చే, నెలకు 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ మీద బతికే పరిశోధక విద్యార్థికి ఐదు నెలలు. ఆ మాట అంచనా కాగితం మీదే రాసి వెనక్కి పంపు. శాలువాలు అసలు వద్దు. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు శాలువా కప్పితే పదవీ విరమణ చేస్తున్న హెడ్మాస్టర్లలా కనిపిస్తారు. టీ, మిర్చి బజ్జీలు, తెల్లకాగితాలు, పెన్నులు చాలు. వైస్ చాన్స్‌లర్ గారు వస్తే సంతోషం, ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్ళమను. వేదిక వద్దు, కుర్చీలు గుండ్రంగా వేయించు. ఓడిపోయిన అభ్యర్థులను నువ్వే స్వయంగా వెళ్ళి పిలువు. అందరూ రారు. వచ్చిన ఇద్దరు ముగ్గురి దగ్గర కొత్తవాళ్ళు మెలకువలు నేర్చుకుంటారు, ఎందుకంటే ప్రచారమప్పుడు వాళ్ళూ ప్రతి హాస్టల్ తలుపూ తట్టారు. మెస్ వర్కర్లను, సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ను, ఆరోగ్య కేంద్రం నర్సును పిలువు. ఏడాది పొడుగునా కొత్తవాళ్ళకు అవసరపడేది వీళ్ళే.

ఆ పొద్దున అందరూ కలిసి గోడలు కడిగితే ఇంకా బాగుంటుంది. చేతితో రాసిన పోస్టర్లే అయినా జిగురు జిగురే కదా. 2024లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో గోడలు పాడుచేశారని హైకోర్టు ఓట్ల లెక్కింపునే ఆపింది. సెప్టెంబరు 27న ఓట్లు వేస్తే, గోడలు శుభ్రమయ్యాక నవంబరు 25న గానీ ఫలితం రాలేదు. బకెట్, కొబ్బరిపీచు పట్టుకున్నప్పుడు ఏ ప్యానెల్ పోస్టరు గీకుతున్నామో ఎవరికీ పట్టదు. నవ్వులు కూడా వస్తాయి.

నాయకత్వ శిక్షణ అంటూ డీన్ కార్యాలయం ఏమైనా పెడుతుందా? విద్యార్థులకు అలాంటి శిక్షణను విద్యాసంస్థే ఏర్పాటు చేయాలని లింగ్డో నివేదికలోనే ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి తీసుకెళ్ళు, ఖర్చు వాళ్ళ పద్దులో వేసుకోమని అడుగు. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఇప్పుడు ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల. సభకు ముందే, ఒక సాయంత్రం ఆమెను, ఆమెలాంటి మరో నలుగురైదుగురిని చెట్టు కింద కూర్చోబెట్టు. యూనియన్ నియమావళి ప్రతి తలా ఒకటి చేతికివ్వు. గెలిచినవాళ్ళలో చాలామంది దాన్ని చూడనే చూడరు, నేనూ చూడలేదు. కౌన్సిలర్ ఏం అడగవచ్చు, సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం ఎంత, తనకు నచ్చని తీర్మానం మీద తన అసమ్మతిని మినిట్స్‌లో ఎలా రాయించుకోవాలి, ఇవి చదివి వినిపించు. మొదటి పదిహేను రోజులు ఎవరికీ ఏ హామీ ఇవ్వవద్దని చెప్పు. తన విభాగంలో ప్రతి తరగతికీ వెళ్ళి, ఎవరేమన్నారో రాసుకుని రావడమే ఆ పదిహేను రోజుల పని. "నాకు తెలియదు, కనుక్కుని రేపు చెబుతాను" అన్న మాట అలవాటు చేయించు. రేపు నిజంగా వెళ్ళి చెప్పడం కూడా.

ఒక సంగతిలో మాత్రం గట్టిగా చెప్పు. కొత్తగా గెలిచిన పిల్లలకు పంచాయితీలు చేసే ఉబలాటం ఉంటుంది. లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే ఇద్దరినీ పిలిచి రాజీ చేయడం యూనియన్ పని కాదు. దానికి అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే అందులో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చుంటారు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటికి పొక్కకుండా, కావాలంటే వెంట నడిచి, అక్కడిదాకా చేర్చడమే కౌన్సిలర్ చేయాల్సింది. ర్యాగింగ్ అయితే రాత్రీ పగలూ పలికే నంబరు 1800-180-5522 తన ఫోనులో ఉండాలి. మార్కులు, ఫీజులు, సర్టిఫికెట్ల తగువులకు యూజీసీ 2023 నిబంధనల కింద ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంది, అది 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. ఏ తలుపు ఎక్కడుందో తెలిసిన పిల్ల అన్ని తలుపులూ బాదే నాయకుడికన్నా మేలు చేస్తుంది.

ఆ అమ్మాయి తెలుగు మీడియం నుంచి వచ్చి ఉంటే, సమావేశాల్లో ఇంగ్లీషు, హిందీ మధ్య నోరు మెదపలేక కూర్చుంటుంది. నీకూ ఆ అనుభవం అయ్యే ఉంటుంది. తెలుగులోనే మాట్లాడమను, పక్కన కూర్చున్నవాళ్ళు అనువాదం చేస్తారు. ఎజెండా ముందు రోజే చేతికి వచ్చేలా చూడమని కొత్త కార్యదర్శికి చెప్పు. ముందుగా చదువుకుని వచ్చే అవకాశం ఉంటే, గట్టిగా అరవడం రాని పిల్లలు కూడా మాట్లాడతారు. తరగతులు ఎగ్గొట్టవద్దని కూడా చెప్పు, పోటీ చేయడానికి 75 శాతం హాజరు అడిగిన నియమం గెలిచాక మరిచిపోవడానికి పెట్టింది కాదు. ఉపాధ్యక్ష, సంయుక్త కార్యదర్శి పదవులకు గెలిచినవాళ్ళకు మరో ముక్క: రెండు నెలలు గడిచాక పైవాళ్ళు తప్పుకుంటే ఆ కుర్చీల్లో వీళ్ళే కూర్చోవాల్సి రావచ్చు, లింగ్డో నియమం అలాగే ఉంది. కనుక నోట్‌బుక్ వాళ్ళు కూడా చదవాలి.

అన్నీ ఇచ్చేశాక పక్కకు తప్పుకో. ఇది నీకు అన్నిటికన్నా కష్టమవుతుంది. వాళ్ళ మొదటి కరపత్రంలో అచ్చుతప్పులుంటాయి, మొదటి సమావేశం రెండు గంటలు ఆలస్యమవుతుంది, నువ్వు ఏడాది మర్యాదగా చూసిన సెక్షన్ ఆఫీసరుతో మొదటి వారంలోనే పోట్లాట పెట్టుకుంటారు. కొత్త కోడలి వంటింట్లోకి తొంగి చూసే అత్తగారిలా కిటికీ దగ్గర నిలబడకు. ఫోను చేస్తే ఎత్తు, అడిగినదానికే చెప్పు, పీహెచ్‌డీ రాసుకో. నీ గైడు కూడా ఈ ఏడాది నీ కోసం ఎదురుచూసే ఉంటారు.

మా పాత కార్యదర్శి తరవాత కనిపించాడా అని అడుగుతావేమో. కనిపించాడు, ఇరవై ఏళ్ళ తరవాత, రాజమండ్రిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర. బట్టతల, చేతిలో గారె. కుశల ప్రశ్నలేవీ వేయకుండా అడిగేశాను, క్యాష్ బుక్ ఏమైందని. గారె పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు.

"మా ఇంట్లో అటక మీదే ఉండాలి. మీరెవరూ అడగలేదు కదా!" అన్నాడు.